2005 కరోలా స్మాగ్ చెక్‌లో రెండు సార్లు తప్పింది: బాగు చేయించాలా, తుక్కుకు ఇవ్వాలా?

నైల్స్ నివాసి:

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా బండి 2005 టయోటా కరోలా, 1,78,000 మైళ్ళు తిరిగింది. ఈసారి స్మాగ్ చెక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ కోసం చేయించే పొగ పరీక్షలో, రెండు సార్లు తప్పింది. రిజిస్ట్రేషన్ గడువు ఈ నెల 28. తుక్కుకు ఇచ్చేయమని ఒకరు, కొత్త కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) వేయించమని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. ఏదైనా చిన్న విషయం వదిలేస్తే మీరు సరైన సలహా చెప్పలేరేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను.

నెల రోజుల కిందట చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండి నడకలో తేడా ఏమీ లేదు. ఒక షాపుకు తీసుకువెళ్తే బండి కంప్యూటర్‌కు రీడరు పెట్టి, పి-0420 అనే తప్పు కోడ్ వచ్చిందన్నారు. కేటలిటిక్ కన్వర్టర్ పోయిందని, మార్చడానికి 1,900 డాలర్లు అవుతుందని, ఆ డబ్బు ఈ బండికి దండగని చెప్పారు. బండి కిందికి వంగి చూడను కూడా చూడలేదు. ఇంకో షాపు వాళ్ళు 40 డాలర్లు తీసుకుని ఆ కోడ్ చెరిపేసి, "లైటు మళ్ళీ వెలిగేలోపు వెంటనే వెళ్ళి పరీక్ష చేయించుకోండి" అన్నారు. అలాగే నేరుగా వెళ్ళాను. తప్పింది. కాగితం మీద మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తి కాలేదని రాసి ఉంది. వారం రోజులు నడిపి మళ్ళీ వెళ్ళాను. ఈసారి మిగతావి పూర్తయ్యాయి గాని, కేటలిస్టు, ఈవాప్ అనే రెండూ కాలేదు. మళ్ళీ తప్పింది. రెండు సార్లూ డబ్బు కట్టాను.

నేను రోజూ ఇంటి నుంచి దగ్గర్లోని బార్ట్ రైలు స్టేషను వరకు మాత్రమే నడుపుతాను. రానూపోనూ కలిపి 6 మైళ్ళు. దానికీ దీనికీ సంబంధం ఉందేమో తెలియదు.

ఈ బండిని ఇండియాకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక తెలుగు కుటుంబం దగ్గర 2010లో కొన్నాను. కొన్న వారానికే మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇందులోనే ఇంటికి తెచ్చుకున్నాం. అప్పుడు అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఉంది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, స్టీరింగ్ మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. హారను చుట్టూ ఉండే సన్నని గాడిలో ఆ కుంకుమ ఇప్పటికీ ఎర్రటి గీతలా మిగిలి ఉంది. ఎన్ని సార్లు తుడిచినా పోలేదు. తర్వాత నేనే తుడవడం మానేశాను. ఇప్పుడు అమ్మాయికి పదిహేనున్నర. మొన్ననే లెర్నర్ పర్మిట్ వచ్చింది. ఈ బండి మీదే నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. నాకూ అదే ఇష్టం.

నా ప్రశ్నలు ఇవి. మానిటర్లు పూర్తి కావాలంటే ఏం చేయాలి? నిజంగా కన్వర్టర్ పోయిందా లేదా అని నేను తెలుసుకునే దారి ఉందా? 28లోపు పని కాకపోతే జరిమానా పడుతుందా?


తెనాలి షెడ్డు:

మీ పోస్టు రెండు సార్లు చదివాను. నేను శాన్ హోజేలో స్మాగ్ టెక్నీషియన్‌గా పదకొండేళ్ళు పనిచేశాను. నాలుగేళ్ళ కిందట మానేశాను. అంతకు ముందు తెనాలిలో మా నాన్నగారి మెకానిక్ షెడ్డులో పెరిగాను కాబట్టి, ఈ విషయం మీద నాకు కాస్త మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

మొదట ఒకటి స్పష్టంగా చెబుతాను. మీ బండి పొగ ఎక్కువగా వదిలిందని తప్పలేదు. అసలు ఆ పొగను ఎవరూ కొలవలేదు. 2000 మోడలు నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు కాలిఫోర్నియాలో సైలెన్సరులో గొట్టం పెట్టి కొలవరు. స్టీరింగ్ కింద ఉండే ప్లగ్గుకు తీగ తగిలించి బండి కంప్యూటర్‌నే అడుగుతారు. దానితో పాటు కింద, ఇంజిన్ దగ్గర కంటితో ఒకసారి చూస్తారు, కంటికి కనిపించే పొగ వస్తోందేమో చూస్తారు. అంతే. మీ బండి కంప్యూటర్ ఇచ్చింది ఖాళీ జవాబు పత్రం. దానికి మార్కులు ఎవరు వేస్తారు?

ఆ పత్రాన్ని ఖాళీ చేసింది మీ 40 డాలర్లు తీసుకున్నవాళ్ళే. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీగ ఊడదీసినా కంప్యూటర్ అప్పటివరకు చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ పోతాయి. మళ్ళీ మొదటి నుంచీ ఒక్కొక్కటీ చేసుకోవాలి. చెరిపి వెంటనే వెళ్ళమని చెప్పడం మీ డబ్బు వృథా చేయించడమే. ఇలా వచ్చినవాళ్ళను నేను వందల మందిని చూశాను. ప్రతిసారీ బాధగానే ఉండేది. ఎక్కువ మంది చదువుకునే పిల్లలు, రెండో షిఫ్టు చేసుకునేవాళ్ళు.

2000, ఆ తర్వాతి మోడళ్ళలో ఒక్క ఈవాప్ మానిటరు మాత్రం పూర్తి కాకపోయినా ఒప్పుకుంటారు. అది పెట్రోలు ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా పట్టి ఉంచే ఏర్పాటును చూసే మానిటరు. మిగతావన్నీ పూర్తి కావాలి. 1996 నుంచి 1999 వరకు వచ్చిన బండ్లకైతే ఏదో ఒకటి మిగిలినా ఫరవాలేదు. అంటే మీకు ఇప్పుడు అడ్డం పడుతున్నది కన్వర్టర్‌ను చూసే కేటలిస్టు మానిటరు ఒక్కటే.

అది ఎందుకు పూర్తి కావడం లేదో మీరే రాశారు. మూడు మైళ్ళు పోయి ఆగితే కన్వర్టర్ సరిగ్గా వేడెక్కదు. వేడెక్కాక కొంతసేపు ఒకే వేగంతో నడిస్తేనే కంప్యూటర్ దాన్ని పరీక్షిస్తుంది. కాబట్టి ఇలా చేయండి. రాత్రంతా బండిని కదిలించకండి. ట్యాంకులో పెట్రోలు పావుకూ ముప్పావుకూ మధ్య ఉండాలి. ఇది ఈవాప్ కోసం. ఆదివారం తెల్లవారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయలుదేరండి. రెండు నిమిషాలు నిలబెట్టి ఉంచి, హైవే ఎక్కి గంటకు 55 మైళ్ళ దగ్గర పది నిమిషాలు నిలకడగా పోండి. తర్వాత ఏదైనా నెమ్మది రోడ్డు మీదికి దిగి 35, 45 మధ్య మరో పది నిమిషాలు. మీకు నైల్స్ కాన్యన్ రోడ్డు దగ్గరే కదా, దానికంటే మంచిది దొరకదు. పెడలును ఊరికే తొక్కుతూ వదులుతూ ఉండకూడదు. పాదం ఒకే చోట ఉండాలి. అప్పుడప్పుడు పెడలు పూర్తిగా వదిలేసి, బ్రేకు వేయకుండా వేగం తనంతట తాను తగ్గనివ్వండి. మధ్యలో ఇంజిన్ ఆపవద్దు. 680 మీద సునోల్ వైపు ఎక్కుడు ఉంటుంది. ఆ ఎక్కుడులో నిలకడ ఉండదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

20, 25 డాలర్లకు చిన్న కోడ్ రీడరు దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. ఏ మానిటరు పూర్తయిందో అందులోనే కనిపిస్తుంది. అది చూడకుండా పరీక్షకు వెళ్ళవద్దు.

ఇక పి-0420 సంగతి. ఇది కన్వర్టర్ పోయిందని చెప్పదు. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సరుకు కనిపించినది కంప్యూటరుకు నచ్చలేదని చెబుతుంది. కన్వర్టర్ బాగుంటే రీడరు తెర మీద వెనక సెన్సరు గీత చెరువు నీళ్ళలా నిలకడగా ఉంటుంది. పని తగ్గిపోతే అది రంపం పళ్ళలా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. అయితే కన్వర్టర్ బాగానే ఉన్నా, దానికి ముందున్న గొట్టం అతుకు దగ్గర చిల్లు ఉంటే బయటి గాలి లోపలికి పోయి ఆ సెన్సరును తప్పుదారి పట్టిస్తుంది. మీ బండికి ఇరవై ఏళ్ళు. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం, కన్వర్టర్ వైపు గొట్టం కలిసే చోట ఒక గుండ్రటి గ్యాస్కెట్ ఉంటుంది. మన షెడ్లలో దాన్ని ప్యాకింగ్ అంటాం. అది అరిగిపోయి ఉండవచ్చు. 1,900 అడిగినవాళ్ళు అది చూశారా? కిందికే వంగలేదని మీరే రాశారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా, ధూళి పీల్చే పెద్ద వాక్యూమ్‌ను గాలి బయటికి ఊదేలా తిప్పి, దాని గొట్టాన్ని సైలెన్సరు కొసకు గుడ్డ చుట్టి బిగించండి. అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లండి. చిన్నప్పుడు సైకిలు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి పంక్చరు వెతికేవాళ్ళం కదా, అదే పని. బుడగలు వచ్చిన చోటే చిల్లు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం దూరవద్దు. స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టాకే దూరండి.

కన్వర్టరే పోయిందని తేలినా తొందరపడి చవకది వేయించకండి. కాలిఫోర్నియాలో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి ఉన్నదే వేయాలి. దాని ఒంటి మీద ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు చెక్కి ఉంటుంది, టెక్నీషియన్ వంగి ఆ నంబరు చూస్తాడు. వేరే రాష్ట్రాలకు అమ్మేది 200 డాలర్లకు దొరికిందని వేయించుకుని, పరీక్షలో తప్పి, మళ్ళీ ఊడదీయించిన వాళ్ళున్నారు.


బేకర్స్‌ఫీల్డ్ కామ్రీ:

పై సలహాకు నా అనుభవం ఒకటి కలుపుతాను. 1999, అంతకు ముందు మోడళ్ళు ఉన్నవాళ్ళకు కూడా పనికి వస్తుంది. నాది 1997 కామ్రీ. దానికి ఇప్పటికీ పాత పద్ధతి పరీక్షే. బండిని రోలర్ల మీద ఎక్కించి 15 మైళ్ళు, 25 మైళ్ళ వేగాల దగ్గర నడిపి, సైలెన్సరులో గొట్టం పెట్టి హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు కొలుస్తారు. మూడేళ్ళ కిందట నా బండి మొదటి రెండింటిలో సుబ్బరంగా ఉండి, మూడోదానిలో హద్దుకు రెట్టింపు చూపించింది. అక్కడి కుర్రాడు కన్వర్టర్ మార్చమన్నాడు.

నేను మార్చలేదు. మిగతా రెండూ బాగుండి నైట్రిక్ ఆక్సైడు ఒక్కటే పెరిగిందంటే, సిలిండరు లోపల మంట మరీ వేడిగా ఉండి ఉండవచ్చు. ఆ వేడి తగ్గించడానికే ఈజీఆర్ అనే ఏర్పాటు కొంత పొగను మళ్ళీ ఇంజిన్‌లోకి పంపిస్తుంది. ఆ వాల్వు విప్పి చూస్తే, వేలు దూరేంత దారిలో పుల్ల కూడా దూరనంత మసి గట్టిపడి ఉంది. పాత టూత్ బ్రష్షు, సన్న స్క్రూడ్రైవరు, కార్బురేటర్ క్లీనరు పట్టుకుని ఒక శనివారమంతా కూర్చున్నాను. వచ్చిన మసి చిన్న టీ గ్లాసు నిండింది. తర్వాత వారం పరీక్షలో హద్దులో సగం కూడా రాలేదు. ఖర్చు: క్లీనరు డబ్బా, కొత్త గ్యాస్కెట్, కలిపి 19 డాలర్లు.

1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే ఆ గోధుమరంగు పొగమంచు ఎక్కడి నుంచి వస్తోందని కాల్‌టెక్‌లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త వెతికితే, హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడులూ ఎండలో కలిసి తయారవుతోందని తేలింది. నేనుండేది బేకర్స్‌ఫీల్డ్ ఉన్న ఈ లోయలో. చుట్టూ కొండలు, గాలి కదలదు. మా అబ్బాయికి ఉబ్బసం. వేసవిలో గాలి బాగా లేదని బడిలో పిల్లలను బయటికి వదలని రోజులుంటాయి. నా బండి హద్దు దాటిందని కాగితం మీద చూసినప్పుడు, రిజిస్ట్రేషన్ కంటే ముందు వాడే గుర్తొచ్చాడు. కోడ్ చెరిపి గట్టెక్కే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.


డేవిస్ అక్క:

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను చెబుతాను. స్మాగ్ తేలకపోయినా రిజిస్ట్రేషన్ రుసుము గడువులోపు కట్టేయండి. కడితే ఆలస్యపు జరిమానా పడదు. నంబరు ప్లేటు స్టిక్కరు మాత్రం స్మాగ్ సర్టిఫికెట్ డీఎంవీకి (మోటారు వాహనాల శాఖకు) చేరాకే వస్తుంది. రుసుము కట్టి, పరీక్షలో తప్పినట్టు కాగితం చూపిస్తే డీఎంవీ 50 డాలర్లకు 60 రోజుల తాత్కాలిక అనుమతి ఇస్తుంది. అది రెండేళ్ళలో ఒక్కసారే ఇస్తారు. మీ చేతిలో తప్పిన కాగితం ఉంది కాబట్టి, 28 గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఇంకొకటి. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్ళకు రాష్ట్రమే మరమ్మతు ఖర్చులో చాలా భాగం భరించే పథకం ఉంది, కన్స్యూమర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అంటారు. 1996, ఆ తర్వాతి మోడళ్ళకు 1,450 డాలర్ల వరకు ఇస్తారు. బండి తుక్కుకు ఇచ్చేస్తే డబ్బిచ్చే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. కాని మరమ్మతు చేయించాక వెళ్తే పైసా రాదు. ముందు దరఖాస్తు, వాళ్ళు ఒప్పుకున్నాక, వాళ్ళు చెప్పిన షాపులోనే పని. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ సంగతి తెలియక 700 డాలర్లు చేతి నుంచి పెట్టుకున్నాను. ఆ నెల అద్దె కట్టడానికి స్నేహితురాలి దగ్గర అప్పు చేశాను. చదువుకునే పిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే, ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

డీఎంవీ నుంచి వచ్చిన నోటీసు కూడా జాగ్రత్తగా చదవండి. స్టార్ స్టేషనులోనే (రాష్ట్రం ప్రత్యేకంగా గుర్తించిన పరీక్షా కేంద్రంలోనే) చేయించాలని అందులో రాసి ఉంటే మామూలు చోట చేయించిన పరీక్ష చెల్లదు.


ట్రేసీ:

నా అభిప్రాయం వేరు. ఇరవై ఏళ్ళ బండి మీద ఈ రోజు గ్యాస్కెట్, రేపు సెన్సరు, ఎల్లుండి రేడియేటరు. ఇందులో ఎయిర్ బ్యాగులు పాతవి, పిల్లలకు ఈ రోజుల్లో వచ్చే రక్షణ ఏర్పాట్లు లేవు. అమ్మాయి నేర్చుకునే బండి అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. కుంకుమ బొట్టు కొత్త బండికి కూడా పెట్టుకోవచ్చు. నొప్పించాలని కాదు, అన్నగా చెబుతున్నాను.


తెనాలి షెడ్డు:

ట్రేసీ గారూ, భద్రత గురించి మీరన్నది తీసిపారేయదగింది కాదు. ఆ ఎయిర్ బ్యాగులకు టకాటా రీకాల్ పని (టకాటా కంపెనీ చేసిన లోపమున్న బ్యాగులను మార్చే పని) జరిగిందో లేదో చాసిస్ నంబరు కొట్టి తప్పకుండా చూడాలి. ఆ ఏళ్ళ కరోలాలు ఆ రీకాల్‌లో ఉన్నాయి, పని ఉచితం. ఇది నేను ముందే చెప్పాల్సింది. కాని బండి ఉంచుకోవాలా వద్దా అన్నది జబ్బేమిటో తెలిశాక తీసుకోవాల్సిన నిర్ణయం. జబ్బు తెలియకుండా చావు కబురు చెప్పినవాళ్ళ మాట మీద వదులుకోకూడదు.


నైల్స్ నివాసి:

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

అక్క చెప్పినట్టు రుసుము ఆ రోజే కట్టేశాను. చాసిస్ నంబరు కూడా చూశాను. ఎయిర్ బ్యాగు రీకాల్ పని పాత యజమానుల కాలంలో కాదు, నా దగ్గరే, 2016లో అయింది. నాకు గుర్తే లేదు. కాగితం డ్రాయరులో దొరికింది.

శనివారం ఉదయం సబ్బు నీళ్ళ పని పెట్టుకున్నాం. వాక్యూమ్ గొట్టం సైలెన్సరు కొసకు పెట్టి పాత తువ్వాలు చుట్టాను. అమ్మాయి స్ప్రే సీసా పట్టుకుంది. వెనక నుంచి ముందుకు ఒక్కో అతుకు మీదా చల్లుకుంటూ వచ్చాం. మొదటి మూడు చోట్ల ఏమీ లేదు. ఇంజిన్ గొట్టమూ కన్వర్టర్ వైపు గొట్టమూ కలిసే చోట చల్లగానే మొదట చిన్న చిన్న బుడగలు, తర్వాత అప్పం పొంగినట్టు నురగ. దాని పక్కనే ఇనుము మీద వేలెడు పొడుగున నల్లటి మసి చార ఉంది. టార్చి వెలుగులో చూస్తే స్ప్రింగు బోల్టు ఒకటి తుప్పు పట్టి సగానికి సన్నబడిపోయి ఉంది. "నాన్నా, అదే కదా!" అని అమ్మాయి అరిచిన అరుపుకు పక్కింటాయన బయటికి వచ్చాడు.

తుప్పు బోల్టు విప్పడం నా వల్ల కాలేదు. బలవంతం చేస్తే విరిగేలా ఉంది. అందుకని సైలెన్సరు పని మాత్రమే చేసే ఒక చిన్న షాపుకు తీసుకువెళ్ళాను. ఆయన పావుగంట వేడి చేసి రెండు బోల్టులూ తీశాడు. బయటికి వచ్చిన ప్యాకింగ్ నా అరచేతిలో పెట్టాడు. ఒక వైపు మందంగా, ఇంకో వైపు బియ్యపు గింజంత పలుచగా, అక్కడక్కడా పొడిగా రాలిపోతూ ఉంది. ప్యాకింగ్, రెండు స్ప్రింగులు, బోల్టులు, కూలి అన్నీ కలిపి 135 డాలర్లు.

నిన్న ఆదివారం తెల్లవారి ఐదున్నరకు మీరు చెప్పినట్టే నడిపాను. మొదట హైవే, తర్వాత నైల్స్ కాన్యన్. 40 దగ్గర పాదం కదపకుండా ఉంచడం ఎంత కష్టమో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. సునోల్ చేరి తిరిగి వస్తుండగా అమ్మాయి రీడరు చూసి కేటలిస్టు పూర్తయిందని చెప్పింది. లైటు లేదు. ఈ రోజే పరీక్షకు వెళ్ళవచ్చా?


తెనాలి షెడ్డు:

చాలా సంతోషం. కాని ఒక్క రోజు ఆగండి. కేటలిస్టు కోడ్ సాధారణంగా వరసగా రెండు సార్లు తప్పితేనే లైటు వెలిగిస్తుంది. మొదటిసారి తప్పితే పెండింగ్ కోడ్‌గా లోపల దాచుకుంటుంది. మానిటరు పూర్తయినట్టే కనిపిస్తుంది, లైటు ఉండదు, కాని తప్పు లోపల ఉండే ఉంటుంది. రీడరులో పెండింగ్ కోడ్లు అనే చోట చూడండి. అక్కడ ఏమీ లేకపోతే, ఇంకోసారి అదే దారిలో నడిపి మళ్ళీ చూడండి. పరీక్షలో ఈ రోజే గట్టెక్కి, వచ్చే వారం లైటు వెలిగితే మీకు తృప్తి ఉండదు. మీ పోస్టు చదివాక ఆ మాత్రం నాకు అర్థమైంది.

చదువుతున్న మిగతావాళ్ళకు ఒక మాట. 2010, ఆ తర్వాతి మోడళ్ళకు ఇంకో నిబంధన ఉంది. 2019 జూలై నుంచి పర్మనెంట్ కోడ్లు కూడా చూస్తున్నారు. వాటిని రీడరుతో చెరపలేం. కంప్యూటర్ స్వయంగా పరీక్షించుకుని తప్పు లేదని తేల్చుకుంటేనే పోతాయి. కోడ్ చెరిపిన తర్వాత బండి 15 సార్లు వేడెక్కి చల్లారి, 200 మైళ్ళు తిరిగి ఉంటే మాత్రం వాటిని లెక్కలోకి తీసుకోరు.


నైల్స్ నివాసి:

బాబాయి గారూ, అలా పిలవవచ్చుననుకుంటున్నాను. మంగళవారం ఒకసారి, బుధవారం ఇంకోసారి నడిపాను. రెండు సార్లూ పెండింగ్ కోడ్ల చోటు ఖాళీగానే ఉంది. వెనక సెన్సరు గీత కూడా తెరమీద చూశాం. మీరన్నట్టు చెరువు నీళ్ళే. గురువారం పరీక్షకు వెళ్ళాం. తీగ తగిలించిన దగ్గర నుంచి కాగితం చేతికి వచ్చేవరకు పన్నెండు నిమిషాలు. పాస్.

టెక్నీషియన్ అద్దం, టార్చి పట్టుకుని కిందికి వంగినప్పుడు కన్వర్టర్ ఏ సంవత్సరానిదని అడిగాను. బండితో వచ్చిన అసలుదే అన్నాడు. 1,900 డాలర్లకు తీసి పారేయమన్నది దాన్నే.

ట్రేసీ అన్నా, మీ మాట పక్కన పెట్టలేదు. అమ్మాయికి సొంతంగా హైవే మీద నడిపే రోజు వచ్చేసరికి కొత్త బండి చూడాలని ఇంట్లో అనుకున్నాం. అప్పటివరకు వీధుల్లో, నేను పక్కన కూర్చుని, ఇదే. పాత ప్యాకింగ్‌ను తను తన బల్ల మీద పెన్నుల డబ్బా పక్కన పెట్టుకుంది.

ఒక్కటి మిగిలింది. ఈవాప్ మానిటరు ఇంకా పూర్తి కాలేదు. పరీక్షకు అది అడ్డం రాలేదు గాని, వదిలేయడం నాకు ఇష్టం లేదు. పెట్రోలు మూత రబ్బరు చూస్తే ఒక చోట సన్నగా పగిలి ఉంది. కొత్త మూత తెప్పించాను, రేపు వస్తుంది. ట్యాంకు ఇప్పుడు నిండుగా ఉంది, సగానికి దిగాక మళ్ళీ నడిపి ఏమైందో రాస్తాను.